నాన్న టీవీ సౌండు, పక్కింటివాళ్ళ గోడ

ప్రశ్న: నమస్తే మేడమ్ గారూ. మాది తెనాలి. నాన్నకి 72 ఏళ్ళు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నాలుగైదేళ్ళుగా చెవులు బాగా మందగించాయి. మిషన్ కొనిపెట్టాం. అది పెట్టుకుంటే గిన్నెల చప్పుడు తప్ప మనుషుల మాట తెలియట్లేదని కళ్ళజోడు డబ్బాలో పడేశారు. రాత్రి తొమ్మిదింటి వార్తలకి సౌండు 80లో పెడతారు. పక్కింటి పిల్లాడికి టెన్త్ పరీక్షలు. వాళ్ళు గోడ మీద కొడతారు, ఆ కొట్టడం నాన్నకి తప్ప మా అందరికీ వినపడుతుంది. మేం సౌండు తగ్గిస్తే "ఈ మూగ బొమ్మలాట నాకెందుకే" అని లేచి వెళ్ళిపోతారు. ఇంగ్లీషు సినిమాలకి కింద అక్షరాలు వస్తాయి కదా, తెలుగు వార్తలకి ఎందుకు రావు? అలా వెయ్యాలని చట్టం ఏమైనా ఉందా? ఉంటే ఎవరిని అడగాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చట్టం ఉందమ్మా. పేరు వికలాంగుల హక్కుల చట్టం, 2016. అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్ 19న. అందులో 42వ సెక్షన్ చదివితే మీ నాన్నగారి టీవీని చూసి రాశారా అనిపిస్తుంది. ఆడియో, అచ్చు, ఎలక్ట్రానిక్ మీడియాలో వచ్చేదంతా అందరికీ అందే రూపంలో ఉండేట్టు ప్రభుత్వం చూడాలట. టీవీకి ఆడియో వివరణ (తెర మీద జరిగేది గొంతుతో చెప్పడం), సంజ్ఞా భాష, క్యాప్షన్లు (మీరడిగిన కింది అక్షరాలు) ఏర్పాటు చేయించాలట. రోజూ వాడుకునే ఎలక్ట్రానిక్ సామాను ఎవరైనా వాడగలిగేలా తయారయ్యేట్టు చూడాలట. అంతే, నా దగ్గరున్న పుస్తకంలో అర పేజీ కూడా లేదు.

వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు చిక్కు చెబుతాను. ఆ సెక్షన్‌లో బాధ్యత పెట్టింది ప్రభుత్వం మీద. ఛానల్ వాడి మెడ మీద సూటిగా పెట్టలేదు. ప్రభుత్వం ఛానళ్ళకి ఏం చెప్పిందో చూస్తేగాని కథ తెలియదు. 2019 సెప్టెంబరులో కేంద్ర సమాచార ప్రసార శాఖ వినికిడి లోపం ఉన్నవాళ్ళ కోసం టీవీ కార్యక్రమాల ప్రమాణాలు విడుదల చేసింది. దాని ప్రకారం వార్తా ఛానళ్ళు రోజుకు ఒక బులెటిన్, మిగతా ఛానళ్ళు కనీసం వారానికి ఒక కార్యక్రమం వినపడనివాళ్ళకి అర్థమయ్యేలా వెయ్యాలి. అక్కడ మొదలుపెట్టి అంచెలంచెలుగా పెంచుకుంటూ పోవాలి. లైవ్ వార్తలు, లైవ్ ఆటలు, చర్చలు, పాటల కార్యక్రమాలు, ప్రకటనలు, అమ్మకాల కార్యక్రమాలు మినహాయింపు. మన వార్తా ఛానళ్ళలో లైవు, చర్చ తీసేస్తే మిగిలేదేమిటో మీకూ తెలుసు.

ఇంకొకటి. చట్టంలో మూడు సౌకర్యాలనీ కలిపి "ఇవీ, ఇవీ, ఇవీ" అని రాశారు. ప్రమాణాల దగ్గరికొచ్చేసరికి క్యాప్షన్లు గాని, సబ్‌టైటిల్స్ గాని, సంజ్ఞా భాష గాని, ఏది వెయ్యాలన్నది ఛానల్ ఇష్టానికి వదిలేశారు. పాతికేళ్ళు కోర్టులో నల్లకోటు వేసుకున్నదాన్ని, ఒక్క "గాని" ఎన్ని ఎకరాలు మింగగలదో నాకు తెలుసు. ఇక్కడ మింగింది మీ నాన్నగారి తొమ్మిదింటి వార్తలని.

ఎలాగంటే, మా తమ్ముడి సంగతి చెబుతాను. వాడికి పుట్టుకతో వినపడదు. బధిరుల బడిలో చదివాడు. సంజ్ఞా భాషే వాడి మాతృభాష. చేతులతో జోకులు వేస్తాడు, చేతులతో తిడతాడు, పేకాటలో చేతులతోనే మోసం చేస్తాడు. తెలుగు చదువుతాడు గాని నెమ్మదిగా, పెద్ద వాక్యమైతే విసుక్కుంటాడు. వాడికి స్క్రీన్ మూలన మనిషి నిలబడి చేతులతో చెబితే ప్రాణం లేచొస్తుంది. మీ నాన్నగారు అలా కాదు. 65 ఏళ్ళు చక్కగా విని, టిక్కెట్ల లెక్కలు రాసి, పేపరు చదివిన మనిషి. ఆయన ముందు ఆ మూలనున్న మనిషి ఎంత బాగా చెప్పినా ఒక్క ముక్క తెలియదు. ఆయనకి కావలసింది అక్షరాలు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్ళు 50 లక్షల పైచిలుకు అని తేలింది. వాళ్ళందరినీ ఒకే గాటన కట్టి "ఏదో ఒకటి వెయ్యండి" అంటే, ఛానళ్ళవాళ్ళు తమకి సులువైనది వేస్తారు.

మా చిన్నప్పుడు దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం బధిరుల వార్తలు వచ్చేవి, గుర్తుందా? మీది చిన్న వయసైతే అమ్మగారిని అడగండి. వీధిలో పిల్లలందరూ ఆ చేతులు తిప్పడాన్ని అనుకరిస్తూ నవ్వేవాళ్ళు. మా ఇంట్లో ఆ పది నిమిషాలూ నిశ్శబ్దం. తమ్ముడు టీవీకి జానెడు దూరంలో కూర్చునేవాడు. వార్తలయ్యాక ఏదో ఒక భాషా సినిమా, కింద ఇంగ్లీషు అక్షరాలతో. వారానికి అదొక్కటే వాడి టీవీ. తతిమ్మా ఆరు రోజులూ వాడు నా మొహం చూసేవాడు, నేను చేతులతో చెప్పేదాన్ని. సినిమా సగంలో విసుగొచ్చి నేనే కథ మార్చేసిన రోజులున్నాయి. వాడికి ఇప్పటికీ కొన్ని సినిమాల ముగింపులు తప్పే తెలుసు.

ఇప్పుడు మీరడిగిన "ఎందుకు రావు"కి జవాబు. ఛానల్ వాళ్ళు చెప్పేది ఒకటే, వార్తలు అప్పటికప్పుడు చెబుతాం, అంత వేగంగా తెలుగులో టైపు కొట్టేవాళ్ళెవరు అని. కొంత నిజం. లైవులో రిపోర్టరు వాన నీళ్ళలో నిలబడి మాట్లాడే మాటలకి అక్షరాలు వెయ్యడం కష్టమే. కానీ ఒకసారి ఆస్తి తగాదాల మీద మాట్లాడమని పిలిస్తే హైదరాబాదులో ఒక స్టూడియోకి వెళ్ళాను. కుర్చీలో కూర్చోబెట్టి కాలరుకి మైకు తగిలించారు. నా ఎదురుగా కెమెరా ముందు ఏటవాలుగా గాజుపలక, దాని మీద తెలుగు అక్షరాలు కిందనుంచి పైకి జారుతున్నాయి. ఒక్కో అక్షరం కోడిగుడ్డంత. యాంకరమ్మాయి ఆ అక్షరాలు చూసే గుక్కతిప్పుకోకుండా చదువుతోంది. దాన్ని ప్రాంప్టర్ అంటారట. నాకు వార్త బుర్రకెక్కలేదు. మా తమ్ముడే కళ్ళ ముందు మెదిలాడు. వాడికి కావలసిన అక్షరాలు టైపు కొట్టి సిద్ధంగా ఉన్నాయి, కాకపోతే వినపడే మనిషి వైపు తిప్పి ఉన్నాయి. అమెరికాలో చిన్న టీవీ స్టేషన్లు ఈ ప్రాంప్టర్ అక్షరాలనే తీసి క్యాప్షన్లుగా వాడుకోవడానికి అక్కడి నిబంధనలు ఎప్పుడో వీలు కల్పించాయి.

ఉన్న అక్షరాలేమో స్క్రోలింగు. మీ నాన్నగారు దాన్ని చదువుతూనే ఉండుంటారు. యాంకరు వరద గురించి చెబుతుంటే కింద మిర్చి ధర పోతూ ఉంటుంది. మా వాడు ఒకసారి ఎవరో పెద్దాయన పోయారని కన్నీళ్ళు పెట్టుకుంటున్న మనుషుల్ని చూస్తూ, కింద "బ్రహ్మోత్సవాలు ఘనంగా ప్రారంభం" అని చదువుకుని, ఉత్సవంలో ఈ ఏడుపేమిటని నన్ను అడిగాడు.

ఇక ఏం చెయ్యాలి. ముందు వారం రోజులు నోటుపుస్తకం పెట్టుకోండి. మీ నాన్నగారు చూసే ఛానల్లో ఏ తేదీన, ఎన్నింటి బులెటిన్‌కి అక్షరాలు గాని సంజ్ఞలు గాని ఉన్నాయి, దేనికి లేవు, రాసుకోండి. కండక్టరుగారికే ఆ పని అప్పజెప్పండి, వేబిల్లు రాసిన చెయ్యి, తప్పు పోదు. ఆ తర్వాత ఛానల్‌కి ఉత్తరం. ఫోన్ చెయ్యకండి. నేను ఫోన్ చేసే భంగపడ్డాను. ఒక ఛానల్ ఆఫీసుకి చేసి విషయం చెబితే, అవతల కుర్రాడు ఎంతో మర్యాదగా "మేడమ్, వినపడనివాళ్ళు టీవీ ఎందుకు చూస్తారండీ?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నాకు కోపం కూడా రాలేదు.

ఉత్తరంలో ఏడుపు వద్దు, ఇలా రాయండి: "మా నాన్నగారికి వినికిడి లోపం ఉంది. ఫలానా తేదీ నుంచి వారం రోజులు మీ ఛానల్ చూశాం. రాత్రి 9 గంటల బులెటిన్‌కి తెలుగు క్యాప్షన్లు లేవు. వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్, 2019 సెప్టెంబరు ప్రమాణాల ప్రకారం మీరు ఏ బులెటిన్‌ని వినపడనివాళ్ళకి అందేలా వేస్తున్నారో, ఎన్ని గంటలకో తెలియజేయగలరు. మా నాన్నగారికి సంజ్ఞా భాష రాదు, అక్షరాలు కావాలి." ఆ చివరి వాక్యం మరిచిపోవద్దు. అది లేకపోతే, మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీసే వేళ సంజ్ఞల వార్తలు వేస్తున్నాం కదా అని చెయ్యి దులుపుకుంటారు.

జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఢిల్లీలోని వికలాంగుల చీఫ్ కమిషనర్‌కి ఫిర్యాదు పంపండి. రాష్ట్ర కమిషనర్ ఉన్నారు కదా అనొచ్చు. టీవీ ప్రసారాలు కేంద్రం కిందికి వస్తాయి కాబట్టి ఇది ఢిల్లీ పని. వకీలు అక్కర్లేదు. మీ పేరు, చిరునామా, ఎవరి మీద ఫిర్యాదు, ఏం జరిగింది, ఏం కావాలి, ఉన్న కాగితాలు, ఇంతే. రిజిస్టర్డ్ పోస్టులో గాని ఈమెయిల్‌లో గాని పంపొచ్చు. అవతలి పక్షానికి నోటీసిచ్చి 30 రోజుల్లో జవాబు చెప్పమంటారు. ఆ జవాబు చూసి కమిషనర్ సిఫార్సు చేస్తే సంబంధిత అధికారులు మూడు నెలల్లోగా చర్య తీసుకోవాలి, లేదా ఎందుకు తీసుకోలేదో చెప్పాలి. అది మీకూ తెలియజేయాలి. చట్టాన్ని అతిక్రమిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా అని 89వ సెక్షన్‌లో ఉంది గాని, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దంటాను. పెద్ద ఛానల్‌కి ఆ డబ్బు ఎంత?

మీ నాన్నగారికి సర్టిఫికెట్ ఉండాలా అని మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. 40 శాతం వైకల్యం అనే లెక్క రిజర్వేషన్ల వంటి వాటికి. 42వ సెక్షన్ ఆ లెక్క పెట్టలేదు. అయినా ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు) తీయించి కాపీ జతచేస్తే మంచిది. రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే చట్టం "వినికిడి మందగించినవారు" అంటుంది, 70 దగ్గర్నుంచి "బధిరులు" అంటుంది. ఒక్కటే జాగ్రత్త, ఫిర్యాదు మీద సంతకం పెట్టించేటప్పుడు "వికలాంగులు" అన్న మాట చూసి ఆయన "నేనా?" అంటారు. మా మావగారు అలాగే పెన్ను కింద పెట్టేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ శాఖ పేరైతే "విభిన్న ప్రతిభావంతులు". అది చెప్పి చూడండి, నవ్వి పెట్టేస్తారేమో.

ఈలోగా పక్కింటి టెన్త్ పిల్లాడి సంగతి. మిషన్ అమ్మినవాళ్ళ దగ్గరికి మళ్ళీ తీసుకెళ్ళండి. గిన్నెల చప్పుడు తప్ప ఏదీ వినపడట్లేదంటే దాన్ని ఆయన చెవికి సరిగా అమర్చకపోయి ఉండొచ్చు. ఒక్కసారితో అయ్యేది కాదు, నాలుగైదుసార్లు తిప్పించాల్సిందే. టీవీకి వైర్లేని హెడ్‌ఫోన్ తగిలించండి, గోడ ఊపిరి పీల్చుకుంటుంది. స్మార్ట్‌ఫోన్‌లో గూగుల్ వాళ్ళ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అని ఉంది, తెలుగు కూడా రాస్తుంది. ఫోన్ టీవీ స్పీకరు దగ్గర పెడితే యాంకరు మాటలు అక్షరాలుగా పడతాయి. తప్పులు బోలెడు. మా ఇంట్లో "శాసనసభ"ని ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తుంది. అయినా మా తమ్ముడు దాన్ని వదలడు. మరీ బీద కుటుంబంలోని పెద్దవాళ్ళకైతే మిషన్ ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం ఒకటుంది, రాష్ట్రీయ వయోశ్రీ యోజన. 2017 ఏప్రిల్‌లో దాన్ని మొదలుపెట్టింది మన నెల్లూరులోనే. మీకు అవసరం పడదనుకుంటాను, చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందని రాశాను.

ప్రశ్న: మేడం, మాది కరీంనగర్. నాకు పుట్టుకతోనే చూపు లేదు. సర్కారు బడిల సోషల్ సార్‌ని. రాత్రి అమ్మతోని కూసొని సీరియల్ ఇంట. మాటలున్నంత సేపు మంచిగనే ఉంటది. నడుమల ఉరుము ఉరిమినట్టు మ్యూజిక్ కొడ్తరు, ఎవలొచ్చిండ్రో, ఎవలు ఏం జేసిండ్రో సమజ్ కాదు. అమ్మనడిగితే "ఆగు బిడ్డా" అంటది. చెవులు వినరానోళ్ళకు అక్షరాలుంటయ్ అంటరు, మాకేం లేదా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మాస్టారూ, ఆ ఉరుములో మీరేం పోగొట్టుకోవట్లేదని ధైర్యంగా చెప్పగలను. అత్తగారి మొహం, కోడలి మొహం, ఆడబిడ్డ మొహం ఒక్కొక్కటి మూడేసిసార్లు చూపిస్తారు, అంతే. సరదాకి అన్నాను. మీరడిగింది సీరియస్ విషయం, దానికి నా దగ్గర మంచి జవాబు లేదు.

42వ సెక్షన్‌లో మూడింటిలో మొట్టమొదట రాసిందే మీ సౌకర్యం, ఆడియో వివరణ. మాటకీ మాటకీ మధ్య ఖాళీలో ఇంకో గొంతు "తలుపు తీసుకుని పెద్ద కొడుకు వచ్చాడు, చేతిలో కవరు ఉంది" అని నెమ్మదిగా చెబుతుంది. బ్రిటన్‌లో ఛానళ్ళకి దీనికి వేరే లెక్క కట్టారు: పెద్ద ఛానళ్ళు కనీసం 80 శాతం కార్యక్రమాలకి సబ్‌టైటిల్స్, 10 శాతానికి ఆడియో వివరణ, 5 శాతానికి సంజ్ఞా భాష ఇవ్వాలి. మన దగ్గర 2019లో వచ్చిన టీవీ ప్రమాణాల శీర్షికలోనే "వినికిడి లోపం" అని ఉంది. చూపులేనివాళ్ళ ఊసే లేదు. చట్టం మొదట పలికిన పేరుని ప్రమాణాలు మరిచిపోయాయి.

సినిమా హాళ్ళ విషయంలో కొంచెం నయం. 2024 మార్చి 15న అదే కేంద్ర సమాచార ప్రసార శాఖ సినిమాలకి మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటికంటే ఎక్కువ భాషల్లో సెన్సారయ్యే సినిమాలకి ఆరు నెలలు, మిగతావాటికి రెండేళ్ళు గడువు పెట్టి, క్యాప్షన్లూ ఆడియో వివరణా రెండూ ఉండాలంది. ఆ దారి తెరవడానికి 2023 జనవరిలో "పఠాన్" సినిమా మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళిన కేసు బాగా పనికొచ్చింది. వెళ్ళినవాళ్ళు మీవంటివాళ్ళూ, మా తమ్ముడివంటివాళ్ళూనే. ఓటీటీలో వచ్చేటప్పటికి ఆడియో వివరణ, సబ్‌టైటిల్స్ సిద్ధం చెయ్యమని కోర్టు నిర్మాతలకి చెప్పింది.

మీకు పనికొచ్చే ఇంకో తీర్పు సుప్రీంకోర్టుది, 2024 నవంబరు 8న వచ్చింది. రాజీవ్ రతూరి అని, ఆయనకీ చూపు లేదు, 2005లో వేసిన కేసు. కోర్టు అడిగితే దేశంలో పరిస్థితి ఎలా ఉందో పరిశీలించి నివేదిక ఇచ్చింది మన హైదరాబాదు నల్సార్ లా యూనివర్సిటీలోని వైకల్య అధ్యయన కేంద్రం. చట్టం "తప్పనిసరి" అంటుంటే దాని కింద రాసిన 15వ నిబంధన మాత్రం ప్రమాణాలని వట్టి సలహాలుగా దిగజార్చిందని, అది చెల్లదని కోర్టు తేల్చింది. తప్పక పాటించాల్సిన నిబంధనలు మూడు నెలల్లో రాయమంది. మీరు చీఫ్ కమిషనర్‌కి రాసే కాగితంలో ఈ తీర్పు తేదీ వెయ్యండి. "2019 టీవీ ప్రమాణాల్లో ఆడియో వివరణ లేదు, చేర్చాలి" అన్నదొక్కటే అడగండి. సోషల్ సారు కదా, మీ స్టాఫ్‌రూమ్‌లో ఇంకో పదిమంది సంతకాలు దొరకవా?

అమ్మగారిని మాత్రం "ఆగు బిడ్డా" అన్నందుకు తప్పు పట్టకండి. మా తమ్ముడికి నేనూ అదే అనేదాన్ని.

ప్రశ్న: ఆంటీ, మేము న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాం. అమ్మ గుంటూరు నుంచి ఆరు నెలలకి వచ్చింది. ఆవిడకి చెవుడు. ఇక్కడ ఏ ఇంగ్లీషు ఛానల్ పెట్టినా రిమోట్‌లో సీసీ నొక్కితే అక్షరాలొస్తున్నాయి. నెలనెలా డబ్బు కట్టి తెప్పించుకున్న తెలుగు ఛానళ్ళలో మాత్రం రావట్లేదు. టీవీ పాడైందా, ఫిర్యాదు చెయ్యాలా?
— ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: టీవీ శుభ్రంగా ఉంది బాబూ. అక్కడ 1990లో ఒక చట్టం చేసి, 1993 జులై నుంచి 13 అంగుళాలకి తక్కువ కాని ప్రతి టీవీలోనూ క్యాప్షన్లు చూపించే చిప్పు ఉండాల్సిందేనన్నారు. అంతకుముందు దానికి వేరే పెట్టె కొనుక్కోవాల్సి వచ్చేది. ఆ తర్వాత 1996 చట్టం ఛానళ్ళ మీద పడింది. కొత్తగా తీసే ఇంగ్లీషు కార్యక్రమాలకి, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, 2006 జనవరి నుంచి అన్నిటికీ క్యాప్షన్లు ఉండాల్సిందే. స్పానిష్‌కి 2010 నుంచి. వీటి మధ్యలో ఒక వాక్యం ఉంది: ఇంగ్లీషు, స్పానిష్ కాని భాషల కార్యక్రమాలకి ఇది వర్తించదు అని. మన తెలుగు అందులో కొట్టుకుపోయింది. కాబట్టి అక్కడ ఫిర్యాదు చేస్తే నిలవదు. అదే ఛానల్ ఇక్కడి నుంచే వస్తోంది కనుక, పై జవాబులో రాసిన ఉత్తరం అమ్మగారు గుంటూరు చిరునామాతో ఇక్కడి ఆఫీసుకి రాయొచ్చు. పొరుగూరు తెనాలి నుంచి ఒకటి ఎలాగూ వెళుతోంది.

ఈలోపు ఆవిడ ఇంగ్లీషు ఎంతవరకు చదువుతారో చూసుకుని ఒక వంటల ఛానల్ పెట్టి సీసీ నొక్కి ఇవ్వండి. నూనె కాగుతుంటే బ్రాకెట్లో "చిటపట చప్పుడు" అని కూడా వేస్తారు. మా తమ్ముడు అక్కడికి వచ్చినప్పుడు అది చూసి, వాన సినిమాలో బ్రాకెట్లో ఏం వేస్తారో చూడాలని తెల్లవార్లూ కూర్చున్నాడు.